వీడియో చూసి మోకాలు పట్టడం వస్తుందా?

ప్రశ్న: మేడమ్, మాది నర్సంపేట దగ్గర పల్లె. హన్మకొండల రూం తీసుకుని బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, రెండో సంవత్సరం చదువుతున్న. ప్రాక్టికల్ చెప్పే సార్ వెళ్లిపోయిండు, కొత్తాయన ఇంకా రాలే. అప్పటిసంది గ్రూపుల వీడియో లింకులు పెట్టి, చూసి రికార్డు రాసుకొమ్మంటున్నరు. చూస్తే అన్నీ అర్థమైనట్టే ఉంటది. మొన్న మా ఫ్రెండ్ మోకాలు పట్టుకుంటే చెయ్యి ఎక్కడ పెట్టాల్నో తెల్వలే. మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలీ. "ఫోన్ జూసి వైద్యం నేర్సుకుంటరా బిడ్డా?" అని అడిగిండు. ఏం చెప్పాల్నో తోచలే. హైదరాబాద్‌ల ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేటట్టు నేర్పే వైద్యం) చదివే మా చిన్నమ్మ బిడ్డకు గూడ సగం క్లాసులు ఆన్‌లైనే. ఇంకోటి, రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సుకు ఎనిమిది వేలు కడితే మాన్యువల్ థెరపీ (చేతులతో చేసే చికిత్స) సర్టిఫికెట్ ఇస్తరట. మా వాళ్లు కడుతున్నరు. నేను కట్టాల్నా?
పేరు వద్దన్న పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: బిడ్డా, ఆ ఎనిమిది వేలు మాత్రం కట్టకు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు మోకాలి సంగతి చూద్దాం.

నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది: "చూస్తే అన్నీ అర్థమైనట్టే ఉంటది." తిరకాసు అక్కడే. ఊహ తెలిసినప్పటి నుంచి సంక్రాంతికి సకినాలు చుట్టడం చూస్తూనే ఉండి ఉంటావు. తెల్లబట్ట పరిచి, చుట్టూ అమ్మ, పెద్దమ్మ, వాడకట్టు ఆడవాళ్లు కూర్చొని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలిపెడుతూ సుట్టు మీద సుట్టు వేస్తుంటే, ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. నువ్వు మొదటిసారి పిండి చేతిలోకి తీసుకున్న రోజు గుర్తు చేసుకో. రెండో సుట్టుకే తెగి ఉంటుంది. పక్కనున్న అవ్వ నీ వేళ్లు పట్టుకుని "పిసకకు, తిప్పు" అని ఉంటుంది. పది సకినాలు పాడై పదకొండోది కుదిరి ఉంటుంది. అన్ని సంక్రాంతులు కళ్లు చూశాయి గానీ, వేళ్లకు మాత్రం ఆ పూటే తెలిసింది.

మోకాలు పట్టడం కూడా అంతే. అందుకే ఆన్‌లైన్ మంచిదా, క్లాసు మంచిదా అన్న పంచాయితీలోకి నేను పోను. ఏ పాఠం వచ్చినా ఒకటే అడుగు: ఇక్కడ నా చెయ్యి తప్పు పడితే దిద్దేది ఎవరు? దిద్దేవాళ్లు ఉంటే పాఠం ఫోన్లో వచ్చినా నష్టం లేదు. లేకపోతే, ఎదురుగా సార్ నిలబడి అరవై మందికి ఒకేసారి చేసి చూపించినా నువ్వు వెనక బెంచీ నుంచి చూసేది ఇంకో వీడియోనే.

ఆన్‌లైన్ చదువును తిట్టడం తేలిక. 2020 మార్చిలో కాలేజీలు మూతపడినప్పుడు నేనూ తిట్టాను, మంచం మీద మనిషి లేకుండా ఫిజియోథెరపీ ఏంది అని. తర్వాత మాట కొంత మార్చుకోవాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ చదువులో డిజిటల్ బోధన మీద జరిగిన అధ్యయనాలను నార్వే పరిశోధకులు ఒకచోట చేర్చి 2021లో బీఎంసీ మెడికల్ ఎడ్యుకేషన్ పత్రికలో అచ్చువేశారు. వీడియో పాఠాలనూ ఎదురెదురు క్లాసునూ కలిపి చదివిన పిల్లలు మామూలు క్లాసు పిల్లలతో సమానంగానో, ఇంకా మెరుగ్గానో వచ్చారు. పాఠం ఇంట్లో చూసి రావడం, క్లాసు టైమంతా చేతులతో పనిచేయడం అన్నది అందులో ఒక పద్ధతి. మీ కాలేజీ ఇందులో మొదటి సగం తీసుకుని రెండో సగం మరిచిపోయింది. అదే పత్రంలో ఇంకో సంగతి నాకు పనికొచ్చింది. పిల్లలు తమ పనిని తామే వీడియో తీసుకుంటే ప్రాక్టికల్ నైపుణ్యాలకు సాయపడవచ్చని రాశారు. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఫోన్ బాగా నేర్పేవి ఉన్నాయి, వాటిని వదులుకోకు. కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్నే తీసుకో. మోకాలికి దాని ఇరుసు తొడ ఎముక కింది కొసన బయటి గుబ్బ మీద, కదలని పట్టీ తుంటి పక్కన చేతికి తగిలే ఎముక వైపు, కదిలే పట్టీ బయటి చీలమండ వైపు. పుస్తకంలో నాలుగుసార్లు చదివినా గజిబిజిగా ఉండేది మంచి వీడియోలో ఒక్కసారికే పడుతుంది. నడక కూడా ఫోన్లోనే బాగా తెలుస్తుంది. ఒక నడక చక్రంలో కాలు నేల మీద ఉండేది దాదాపు 60 శాతం, గాలిలో ఉండేది 40 శాతం. మామూలు కంటికి ఇది అందదు. స్లో మోషన్‌లో ఆపి ఆపి చూస్తే, పక్షవాతం వచ్చిన మనిషి ఏ క్షణంలో తుంటి ఎత్తి కాలు పక్కనుంచి తిప్పి వేస్తున్నాడో దొరికిపోతుంది. మా చదువు రోజుల్లో ఈ సౌకర్యం లేక, ఒకే పేషెంటును వార్డులో ఆ కొసకూ ఈ కొసకూ పదిసార్లు నడిపించేవాళ్లం. పాపం, వ్యాయామం మాకోసం చేసేవాడు ఆయన.

ఇక ఫోన్‌కు చేతగానిది. ఎండ్ ఫీల్ అని చదివే ఉంటావు, కీలు కొసదాకా పోయినప్పుడు మన చేతికి తెలిసే ఆపు. మీ ఫ్రెండ్ మోచెయ్యి పూర్తిగా చాపి, చివర్లో మెల్లగా ఇంకాస్త నెట్టు. ఎముకకు ఎముక తగిలి టక్కున ఆగుతుంది, తలుపు వెళ్లి గోడకు తగిలినట్టు. మోకాలు పూర్తిగా ముడువు. పిక్క తొడకు ఒత్తుకుని మెత్తగా ఆగుతుంది, రెండు దూది మెత్తలను దగ్గరికి నొక్కినట్టు. ఇప్పుడు మోకాలు చాపి ఉంచి పాదాన్ని పైకి వంచు. సాగుతూ సాగుతూ ఆగుతుంది, పాత సైకిల్ ట్యూబు గుంజినట్టు. వీడియోలో మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒక చెయ్యి నెడుతుంది, ఒక కీలు ఆగుతుంది, అంతే. రేపు ఆపరేషనైన మోకాలు నీ చేతికి వచ్చి, మెత్తగా ఆగాల్సిన చోట గట్టిగా ఆగిందనుకో, ఆ తేడా చేతికి తట్టకపోతే ఇంకా నెడతావు.

కండరాల బలానికి 0 నుంచి 5 దాకా మార్కులు వేసేటప్పుడూ ఇదే. 3 దాకా కన్ను సరిపోతుంది. బరువు ఏమీ లేకుండా, కాలిని భూమి గుంజుడుకు ఎదురుగా పూర్తిగా ఎత్తగలిగాడా లేదా, అంతే చూడాలి. 4కూ 5కూ మధ్య ఉన్నదంతా నువ్వు అడ్డంపెట్టే చేతి ఒత్తిడే. వాలీబాల్ ఆడే పిల్లగానికి పెట్టే అడ్డు డెబ్బై ఏళ్ల అవ్వకు పెడితే ఆమెకు అన్యాయంగా 4 పడుతుంది. ఇది ఎంతమందిని పట్టుకుంటే అంత వస్తుంది. రూమ్మేట్లు, ఓనరమ్మ, మెస్సు ఆంటీ, ఎవరు ఒప్పుకుంటే వాళ్లను అడుగు. ఒక్క హద్దు: మెడ జోలికి పోవద్దు. మెడను టక్కుమనిపించే వీడియోలు నీ ఫోన్లోకి కుప్పలుగా వస్తాయి. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు అందులోంచే పోతాయి. అది సరదాకు చేసే పని కాదు.

సార్ వచ్చేదాకా ఏం చేయాలంటావా? వీడియో చూడకముందే చెయ్యి. అవును, ముందే. ఈ పూట మోకాలి లోపలి లిగమెంటు బిగువు చూసే ల్యాక్‌మన్ టెస్టు అనుకో. పుస్తకంలో చదివింది గుర్తున్నంతవరకు ఫ్రెండ్ కాలు పట్టుకుని చేసెయ్. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి రికార్డు పెట్టు, నీ ముఖం రాకున్నా సరే, రెండు చేతులూ రావాలి. ఆ తర్వాత మంచి వీడియో ఒకటి చూడు. ఇప్పుడు నీ కన్ను ఊరికే చూడదు, వెతుకుతుంది. నేను మోకాలు 90 దాకా వంచాను, వాళ్లు 20 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంచారు. పై చెయ్యి తొడను కదలకుండా బిగించింది, నాది ఊరికే ఆనుకుని ఉంది. గుంజేది కింది చెయ్యి, నేను రెండూ కలిపి గుంజాను. ఇట్లా మూడు తప్పులు నీకే దొరికితే నాలుగోది ఫ్రెండ్‌కు దొరుకుతుంది, ఎందుకంటే పట్టు సరిగా ఉందా లేదా అని ఆమె కాలికి తెలుస్తుంది. మళ్లీ చేసి రికార్డు పెట్టు. రెండు రోజులాగి, ఏదీ చూడకుండా మూడోసారి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా మూసిపెట్టి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ నిలిచిందని చూపించారు. వాళ్ల ప్రయోగం పాఠాల మీద, కాళ్ల మీద కాదు. అయినా మా పిల్లల దగ్గర నేను చూసింది దానికి దగ్గరగానే ఉంది.

ఇంకో కిటుకు, దీనికి కాలేజీతో పనిలేదు. ఇంట్లో వాడే తూకం మిషన్ ఒకటి సంపాదించు. నొప్పి బిందువులు నొక్కి చూసేటప్పుడు ఎంత గట్టిగా నొక్కాలి? ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాకు 1990లో అమెరికా రుమటాలజీ కాలేజీ పెట్టిన కొలత సుమారు 4 కిలోలు. నాలుగు కిలోలంటే ఎంతో నీ బొటనవేలికి తెలుసా? తూకం బల్ల మీద పెట్టి, అంకె చూడకుండా నొక్కి, అప్పుడు చూడు. నాలుగనుకుని ఏడు నొక్కిన పిల్లలున్నారు నా దగ్గర, అందులో ఒకడు ఫైనలియర్. రోజూ ఐదు నిమిషాలు ఆడితే పది రోజుల్లో వేలు దారికొస్తుంది.

డేటా సంగతి కూడా చెప్పాలి, రోజుకు ఒకటిన్నర జీబీతో నెట్టుకొచ్చేవాళ్లే మీరంతా. ఫిజియాలజీ లాంటివి క్వాలిటీ తగ్గించి వింటూ అన్నం వండుకో. చెయ్యి పెట్టే పాఠాలు మాత్రం మంచి క్వాలిటీలో దించుకుని చూడు. 144పీ క్వాలిటీలో ఐదు వేళ్లూ ఒక ముద్దలా కనిపిస్తాయి. డబ్బు పెట్టకుండా చదువుకోవడానికి ఫిజియోపీడియా వెబ్‌సైటు ఉంది. ఒక చికిత్స నిజంగా పనిచేస్తుందా అని చూసుకోవడానికి ఆస్ట్రేలియా వాళ్ల పెడ్రో డేటాబేసు ఉంది, అందులో ఒక్కో ప్రయోగానికి పదికి ఎన్ని మార్కులో కూడా వేసి ఉంటాయి. బయోమెకానిక్స్, అంటే ఒంటి కదలికల లెక్క, కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో దొరుకుతుంది. పాఠాలు ఊరికే, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకుంటేనే ఫీజు.

ఇవన్నీ చేస్తూ కూడా కాలేజీని వదలొద్దు. సిలబస్‌లో ప్రాక్టికల్‌కు ఎన్ని గంటలు రాసి ఉందో ఆ పేజీ ప్రింటు తీయండి. నలుగురైదుగురు కలిసి, కొట్లాటకు పోయినట్టు కాకుండా, ప్రిన్సిపాల్‌కు కాగితం ఇవ్వండి. ఊరికే "సార్ కావాలి" అంటే "చూస్తున్నాం" అంటారు. వారానికి రెండు పూటలు బయటి థెరపిస్టును పిలిపించండి, వీడియోలు మేం ముందే చూసి వస్తాం, ఆయన పాఠం చెప్పక్కర్లేదు, మేం చేస్తుంటే దిద్దితే చాలు అని అడగండి. హన్మకొండ, వరంగల్‌లో క్లినిక్ నడిపేవాళ్లు ఎంతమంది లేరు! రెండు గంటలు వచ్చి పోవడానికి ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. పాఠం ఫోన్ చెప్తుంటే మనిషి టైమంతా దిద్దడానికే మిగులుతుంది. ఈ లెక్క యాజమాన్యానికి కూడా ఎక్కుతుంది, ఖర్చు తక్కువ కదా.

ఇప్పుడు మీ చిన్నమ్మ బిడ్డ. ఆక్యుపేషనల్ అనగానే "ఉద్యోగాలు ఇప్పిస్తరా?" అని అడిగేవాళ్లతో ఆ పిల్ల ఎట్లాగూ వేగుతుంటుంది. ఆమెకు దిద్దేవాళ్లతో పాటు ఇంకో కొరత ఉంది. ఆమె చూసే వీడియోలోని ఇల్లు మన ఇల్లు కాదు. బార్తెల్ ఇండెక్స్ అని 1965లో వచ్చిన కొలత ఉంది, రోజువారీ పనులు 10, మొత్తం మార్కులు 100. తిండి దగ్గర పదికి ఐదు ఎప్పుడు వేస్తారో తెలుసా? ముక్కలు కోసుకోవడానికి, వెన్న రాసుకోవడానికి ఇంకొకరి సాయం కావాల్సి వస్తే. పరకాలలో పక్షవాతం వచ్చిన తాత ఎన్నడు వెన్న రాసిండు? ఆయనకు కావాల్సింది అన్నంలో పప్పు కలుపుకుని ముద్ద చేయడం. ఐదు వేళ్ల కొసలు ఒకచోటికి రావాలి, ముద్ద నోటి దగ్గరికి చేరాక బొటనవేలు వెనకనుంచి నెట్టాలి. స్పూన్ పట్టే చేతికి ఈ కదలికతో పనే ఉండదు. కుడిపక్క పడిపోతే ఎడమచేత్తో తినడం అలవాటు చేయమని వీడియోలో ఒక ముక్కలో చెప్పేస్తారు. మన దగ్గర ఎడమచెయ్యి దేనికో అందరికీ తెలుసు. బంతిలో నలుగురి మధ్య ఎడమచేత్తో తినమంటే ఆ తాత పెండ్లిళ్లకు పోవుడే బంద్ చేస్తాడు. అప్పుడు స్పూనే నయం కావచ్చు, లేదా ముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాలి. స్నానమంటే వాళ్లకు టబ్బు, మనకు బకెట్టు, చెంబు, కాలుజారే తడిబండ. కోరుట్ల, జగిత్యాల వైపు పోతే బీడీలు చేసే అమ్మ వచ్చి "తునికాకు కత్తిరిస్తుంటే బొటనవేలు గుంజుతుంది" అంటుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఆయన మగ్గం మీద కూర్చోలేకపోతున్నానంటాడు. ఈ పనులు ఏ విదేశీ కోర్సులోనూ ఉండవు.

అందుకే ఆ పిల్లను చూసేది కొంచెం తగ్గించి తీసేది పెంచమను. వచ్చే పండుగకు ఇంటికి పోయినప్పుడు, మీ అమ్మమ్మ బతుకమ్మ పేరుస్తుంటే అడిగి వీడియో తీయమను. నేల మీద గంటసేపు కూర్చోవాలి. గునుగు కాడలను వేళ్ల కొసలతో ఏరి ఒక పొడవుకు కత్తిరించాలి, ఎడమచెయ్యి వరుసను కదలకుండా పట్టుకుంటే కుడిచెయ్యి తంగేడు పెట్టాలి, వరుసలు పెరిగేకొద్దీ చెయ్యి పైకి అందాలి, చివరికి దాన్ని ఎత్తుకుని లేవాలి. ఆ వీడియోను ముక్కలు ముక్కలు చేసి, ఎక్కడ ఏ కీలు, ఏ పట్టు, ఏ జ్ఞాపకం పనిచేస్తోందో రాస్తే అదే యాక్టివిటీ అనాలిసిస్. ఆన్‌లైన్ క్లాసులో మేడమ్‌కు చూపించమను. ఇక గంటల సంగతి. ఆక్యుపేషనల్ థెరపీ ప్రపంచ సమాఖ్య కనీస ప్రమాణమే 1000 గంటల ఫీల్డ్‌వర్క్. ఆమెకు ఎక్కడ, ఎవరి కింద ఎన్ని గంటలు పోస్టింగ్ ఉంటుందో ఇప్పుడే అడిగి తెలుసుకోమను, చివరి సంవత్సరం దాకా ఆగొద్దు.

వీడియోలు నేర్పనిది మీ ఇద్దరికీ ఇంకోటుంది, పేషెంటుతో మాట. మా దగ్గర ఒక ఇంటర్న్, మంచి తెలివైన పిల్ల, ఒక అవ్వతో "నీ ఎక్స్‌టెండ్ చేయమ్మా" అన్నది, 'నీ' అంటే ఇంగ్లీషులో మోకాలు. అవ్వ నా ముఖం చూసింది. "అవ్వా, కాలు సాపు" అంటే సాపింది. నొప్పి గురించి కూడా "పెయిన్ ఎట్లుంది, షార్పా, డల్లా" అని అడిగితే అన్నింటికీ తల ఊపుతారు. గుంజుతుందా, సలుపుతుందా, మంటనా, తిమ్మిరా, తీపులా, సూదులు పొడిచినట్టా అని అడిగి చూడు. ఒక్క మాటకు అవ్వ ముఖం మారుతుంది, అక్కడినుంచి సగం పరీక్ష అయిపోయినట్టే. ఈ మాటలు ఒక నోటుబుక్‌లో రాసిపెట్టుకో.

పోస్టింగ్‌లో పేషెంటు వీడియో తీయాలనిపిస్తే సార్‌నూ, పేషెంటునూ ఇద్దరినీ అడుగు. ముఖం రావద్దు, కేస్ షీటు రావద్దు, క్లాసు గ్రూపులో వేయొద్దు.

ఆ ఎనిమిది వేల దగ్గరికి వద్దాం. మాన్యువల్ థెరపీ అంటేనే చేతిపని. కీలును ఎంత కదపాలి, ఎక్కడ అడ్డు తగిలింది అన్నది మెయిట్లాండ్ గ్రేడుల్లో చదువుతావు, ఆ అడ్డు తెలిసేది చేతికే. రెండు రోజులు స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, ఒక్కసారి కూడా నీ చెయ్యి చూడకుండా, నీకు వచ్చేసిందని కాగితం ఇచ్చేవాళ్లకు నీ గురించి ఏం తెలుసు? నీకింకా రెండేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. చెయ్యి పట్టి దిద్దే వర్క్‌షాపు వస్తే, అప్పుడు డబ్బుంటే పో. ఇప్పటికి ఒక ప్లాస్టిక్ గోనియోమీటర్, ఇంచుల టేపు, రిఫ్లెక్స్ సుత్తి కొనుక్కో, వెయ్యి లోపే అయిపోతుంది. మిగిలింది నాయిన మోసిన బస్తాల డబ్బు, ఆయన దగ్గరే ఉండనీ.

నాయిన అడిగినదానికి నోటితో జవాబు చెప్పాల్సిన పనిలేదు. బస్తాలు ఏ భుజం మీద మోస్తాడో అడుగు. దసరాకు పోయినప్పుడు ఆయనను స్టూలు మీద కూర్చోబెట్టి ఆ చెయ్యి ముందునుంచి పైకి ఎత్తించు, పూర్తిగా లేస్తే 180 దాకా రావాలి. గోనియోమీటర్ ఇరుసు భుజం కొస ఎముకకు కాస్త కింద, పక్కనుంచి. ఒక పట్టీ చంక కింద మొండెం వెంట నిలువుగా, ఇంకోటి మోచేతి బయటి గుబ్బ వైపు. ఆయన కొసకు వచ్చేసరికి నడుము వెనక్కి వంచి ఇంకో పది డిగ్రీలు దొంగిలిస్తాడు, హమాలీ భుజాలు నేను చూసినవే. నీ రెండో చెయ్యి పక్కటెముకల మీద పెట్టి ఉంచు, వంగిన క్షణం తెలుస్తుంది. తర్వాత రెండో భుజం కూడా కొలువు. ఫోన్ తమ్మునికో చెల్లెకో ఇచ్చి పక్కనుంచి తీయించు. నాయిన సరేనంటే, ముఖం రాకుండా, నాకు పంపు. నువ్వు ఎంత కొలిచావో కాగితం మీద రాసి వీడియోతో పాటే పెట్టు. నాకెంత కనిపించిందో, నీ చెయ్యి ఎక్కడ జారిందో రాస్తాను.